గింజ వెలుగు, పొట్టు బలం: హైబ్రిడ్ నానోకణాల తయారీ, పరీక్ష

క్లుప్తంగా: అకర్బన స్ఫటికమూ కర్బన అణువులూ కలిసి ఒకే కణంగా పనిచేస్తూ కాంతినిస్తే అది హైబ్రిడ్ కాంతి నానోకణం. చాలా రకాల్లో రంగును నిర్ణయించేది లోపలి స్ఫటికం. ఆ వెలుగు ఎంత బలంగా, ఎంతకాలం నిలుస్తుందో నిర్ణయించేది పైపొర. కొన్నిటి తయారీకి సెకన్లు చాలు, తయారైనది ఏమిటో తేల్చడానికి మాత్రం వారాలు పడుతుంది. తేమ, వేడి, సీసం ఈ రంగంలో తెగని చిక్కులు. గుంటూరు మిర్చి వంటి సరుకును పరీక్షించే పనికి వేరే రకం కణాలు ఎక్కువ పనికొస్తాయి.

ఒకే మాట, నాలుగు సరుకులు

గుంటూరులో హైబ్రిడ్ అనగానే గుర్తొచ్చేది విత్తనం. రెండు వంగడాలను సంకరం చేసి రెండింటి మంచి గుణాలనూ ఒక మొక్కలోకి తెచ్చుకోవడం పత్తి రైతుకూ మిర్చి రైతుకూ కొత్త సంగతి కాదు. అదే మాట నానోకణం ముందు చేరితే అయోమయం మొదలవుతుంది. ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థిని ఇంట్లో పెద్దవాళ్లు ‘దేనికీ దేనికీ సంకరం?’ అని అడిగితే ఒక్క వాక్యంలో జవాబు చెప్పడం కష్టం. ఎందుకంటే ఆ పేరుతో కనీసం నాలుగు వేర్వేరు సరుకులు చలామణిలో ఉన్నాయి.

దానికి తోడు ‘క్వాంటమ్’ అనే మాట. 2023 రసాయన శాస్త్ర నోబెల్ క్వాంటమ్ డాట్లు అనే అతి చిన్న అర్ధవాహక (సెమీకండక్టర్) గింజల పరిశోధనకు దక్కింది. 2025లో క్వాంటమ్ కంప్యూటర్ల కోసం అమరావతి క్వాంటమ్ వ్యాలీ ప్రకటన వెలువడింది. టీవీ దుకాణాల్లో క్యూఎల్‌ఈడీ పెట్టెలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఈ మూడూ ఒకటేనని అనుకోవడం తేలిక, కానీ తప్పు. క్వాంటమ్ కంప్యూటర్ లెక్కలు చేసే యంత్రం. టీవీలోని క్వాంటమ్ డాట్ ఏ లెక్కా చేయదు, ఒక రంగు కాంతిని మింగి ఇంకో రంగు కాంతిని విడిచిపెడుతుంది, అంతే. రెండింటి వెనుకా ఉన్న భౌతిక శాస్త్రం ఒకటే. కూర తరిగే కత్తీ శస్త్రచికిత్స కత్తీ రెండూ ఉక్కుతో చేసినవే అన్నంత వరకే ఆ చుట్టరికం.

ఇక నాలుగు సరుకుల సంగతి. మొదటిది అతి సాధారణమైనది: అకర్బన అర్ధవాహక గింజ, దాని చుట్టూ కర్బన అణువుల పొర. ఈ లెక్కన ద్రావణంలో తేలే క్వాంటమ్ డాట్ దాదాపు ప్రతిదీ హైబ్రిడే. రెండోది హైబ్రిడ్ పెరోవ్‌స్కైట్. ఇందులో కర్బన భాగం పైన మాత్రమే కాదు, స్ఫటికం లోపలి గూళ్లలోనే కూర్చుని ఉంటుంది. మూడోది దీనికి తలకిందులు: వెలిగేది కర్బన రంగు అణువు, దాన్ని తనలో బంధించి కాపాడేది సిలికా గోళీ. నాలుగోది రేర్ ఎర్త్ లోహాలున్న కణం. ఇది కంటికి కనిపించని పరారుణ కాంతిని తీసుకుని కనిపించే కాంతిగా మార్చి ఇస్తుంది. దాని ఒంటి మీద ప్రతిదేహాల (యాంటీబాడీల) వంటి జీవ అణువులను అతికిస్తే హైబ్రిడ్ అవుతుంది. ఒక రకం మీద వచ్చిన ఫలితాన్ని ఇంకో రకానికి అంటగట్టడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

గింజ చిన్నదైతే రంగు ఎందుకు మారుతుంది

అర్ధవాహకం మీద తగిన కాంతి పడితే ఎలక్ట్రాన్ ఒక మెట్టు పైకి ఎక్కుతుంది, కింద దాని స్థానంలో ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్ తిరిగి ఆ ఖాళీలోకి దిగినప్పుడు మెట్టు ఎత్తుకు సరిపడే శక్తి కాంతిగా బయటికి వస్తుంది. పెద్ద ముద్దలో ఈ మెట్టు ఎత్తు పదార్థాన్ని బట్టి స్థిరంగా ఉంటుంది. కాడ్మియం సెలినైడ్‌కు అది 1.74 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని ఆ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది: దాదాపు 713 నానోమీటర్లు, అంటే కంటికి అందీ అందని ముదురు ఎరుపు.

ఇప్పుడు ఆ ముద్దను కొన్ని నానోమీటర్ల గింజగా కుదిస్తే ఎలక్ట్రాన్ మసలడానికి చోటు చాలదు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. వీణ తీగను మెట్టు మీద నొక్కి పొడవు తగ్గిస్తే స్వరం పైకి పోయినట్టే ఇక్కడ శక్తి పైకి పోతుంది. పోలిక పూర్తిగా సరిపోదు. తీగ పొడవు సగమైతే స్వరం రెట్టింపు అవుతుంది. గింజ వ్యాసం సగమైతే, సరళమైన లెక్క ప్రకారం, ముద్దకు ఉన్న మెట్టు మీద అదనంగా చేరే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే ఒకే కాడ్మియం సెలినైడ్ 6 నానోమీటర్ల దగ్గర ఎర్రగా, 2 నానోమీటర్ల దగ్గర నీలంగా వెలుగుతుంది. రంగు మార్చడానికి పదార్థం మార్చనక్కర లేదు, కొలత మారిస్తే చాలు.

ఈ సంగతి తేలడానికి పుష్కర కాలం పైనే పట్టింది. 1981లో సోవియట్ యూనియన్‌లో అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజులోని కాపర్ క్లోరైడ్ కణాలలో, ఆ తరువాత రెండేళ్లకు అమెరికాలో లూయీ బ్రూస్ ద్రవంలో తేలే కాడ్మియం సల్ఫైడ్ కణాలలో ఈ ప్రభావాన్ని విడివిడిగా చూశారు. అన్ని గింజలూ ఒకే కొలతలో వచ్చే తయారీ పద్ధతిని మౌంగీ బవెండి బృందం 1993లో ఇచ్చింది. నోబెల్‌ను ఆ ముగ్గురూ పంచుకున్నారు.

టీవీ దగ్గర జరిగే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. దుకాణంలో దొరికే మామూలు క్యూఎల్‌ఈడీ టీవీలో డాట్ల గుండా విద్యుత్తు ప్రవహించదు. వెనుక నీలి ఎల్‌ఈడీలు వెలుగుతాయి. వాటి కాంతిలో కొంత భాగాన్ని పలుచని పొరలోని డాట్లు ఆకుపచ్చగా, ఎర్రగా మారుస్తాయి. రంగులు నిండుగా కనిపించడానికి కారణం ఆ పచ్చ, ఎరుపు ఇరుకైన పట్టీలుగా రావడం. మంచి కాడ్మియం డాట్ కాంతి పట్టీ వెడల్పు 25-30 నానోమీటర్లు, పెరోవ్‌స్కైట్ పచ్చకు దాదాపు 20. ఇంట్లోని తెల్ల ఎల్‌ఈడీ బల్బులో పసుపు కాంతినిచ్చే పొడికి అది 100 దాటుతుంది.

సగం పరమాణువులు పైపొరలోనే

నానోకణాల బలమూ బలహీనతా ఒక చిన్న లెక్కలో దొరుకుతాయి. 3 నానోమీటర్ల వ్యాసం ఉన్న గింజ తీసుకుందాం. పైన ఒక్క వరుస పరమాణువుల మందం సుమారు 0.3 నానోమీటర్లు. ఆ వరుసను ఒలిచేస్తే లోపల మిగిలే గోళం వ్యాసం 2.4. ఘనపరిమాణం లెక్క వేస్తే లోపల మిగిలేది 51 శాతం. అంటే మొత్తం పరమాణువులలో దాదాపు సగం ఉపరితలం మీదే ఉన్నట్టు. గింజ 10 నానోమీటర్లయితే ఆ వాటా 17 శాతానికి తగ్గుతుంది. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువులో అయితే పది లక్షల్లో రెండు వంతులు కూడా ఉండదు.

లోపలి పరమాణువుకు అన్ని వైపులా పొరుగువారు ఉంటారు. ఉపరితలం మీది పరమాణువుకు ఒక వైపు ఎవరూ లేరు. అటు చాచిన చెయ్యి గాలిలో వేలాడుతుంది. పైకి ఎక్కిన ఎలక్ట్రాన్‌కు అలాంటి చోట్లు గోతులు. అందులో పడితే శక్తి కాంతిగా కాకుండా వేడిగా పోతుంది. పొట్టు సరిగా లేని గింజ మసకగా ఉండటానికి కారణం ఇదే.

మందు రెండు రకాలు. ఒకటి కర్బన పొర: ఒక కొన గింజను పట్టుకుని, ఇంకో కొన ద్రావకంలోకి చాచుకునే పొడవాటి అణువులు. వీటిని లైగాండ్లు అంటారు. వీటిలో అందరూ వాడే ఒలీయిక్ ఆమ్లం వంటింటికి పరాయిది కాదు. వేరుశనగ నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో పెద్ద వాటా దానిదే. 18 కర్బన పరమాణువుల ఆ గొలుసు పొడవు దాదాపు 2 నానోమీటర్లు, అంటే గింజకు చుట్టిన నూనె జడ దాదాపు గింజంత పొడవు. గింజలు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కాకుండా ఆపేది ఆ జడలే. రెండో మందు అకర్బన పెంకు: గింజ చుట్టూ ఇంకో అర్ధవాహకాన్ని పెంచడం. 1996లో కాడ్మియం సెలినైడ్ మీద జింక్ సల్ఫైడ్ పెంకు పెంచినప్పుడు కాంతి దక్షత, అంటే మింగిన కాంతిలో తిరిగి ఇచ్చే వాటా, 50 శాతానికి చేరింది. గింజ మారలేదు, మారింది పొట్టు.

పాకంలో నిమ్మచుక్క

ఒకే కొలత గింజలు రావాలంటే పుట్టుకనూ పెరుగుదలనూ వేరు చేయాలి. 1950లో విక్టర్ లామెర్, రాబర్ట్ డైనిగర్ ఈ సూత్రాన్ని గంధకపు ద్రావణాల మీద వివరించారు. కృష్ణా డెల్టా రైతుకు ఇది వేరే చెప్పనక్కర లేదు. విత్తనం అంతా ఒకే రోజు చల్లితే నారు ఒకే ఎత్తున లేస్తుంది, వారం పాటు కొంచెం కొంచెం చల్లితే మడి ఎగుడుదిగుడుగా ఉంటుంది. క్వాంటమ్ డాట్లకు దీన్ని సాధించేది వేడి ఇంజెక్షన్ పద్ధతి. 300 డిగ్రీలకు దగ్గరగా కాగిన ద్రవంలోకి ముడిపదార్థాన్ని సిరంజితో ఒక్కసారిగా చిమ్ముతారు. ఒక్క క్షణంలో లెక్కలేనన్ని మొలకలు పుడతాయి. చల్లటి ద్రవం చేరడం వల్ల ఉష్ణోగ్రత పడిపోయి కొత్త మొలకలు ఆగిపోతాయి. ఆ తరువాత ఉన్నవే పెరుగుతాయి. కావలసిన రంగు రాగానే చల్లార్చేస్తారు.

పెరోవ్‌స్కైట్ పద్ధతి ఇంకా సులువు. ముందు ఆ పేరు సంగతి. 1839లో ఉరల్ పర్వతాల్లో దొరికిన కాల్షియం టైటనేట్ ఖనిజానికి గుస్తావ్ రోజ్ అనే జర్మన్ శాస్త్రవేత్త రష్యన్ అధికారి లెవ్ పెరోవ్‌స్కీ పేరు పెట్టాడు. అదే అమరిక ఉన్న పదార్థాలన్నిటికీ ఆ పేరే అంటుకుంది. కాంతినిచ్చే రకంలో ఒక్కో సీసం అయాను చుట్టూ ఆరు బ్రోమైడ్ అయాన్లు ఉండి, ఆ ఆరు మూలల గూళ్లు కొసలు కలుపుకుని అల్లుకుంటాయి. మధ్య ఖాళీలో మిథైల్ అమ్మోనియం అనే చిన్న కర్బన అయాను కూర్చుంటుంది. ‘హైబ్రిడ్’ అనే విశేషణం దీనికి సరిగ్గా అతుకుతుంది. ఈ కణాలను ద్రావణంలో తేలేట్టు 2014లో తయారు చేశారు. 2015లో జ్యూరిక్ బృందం కర్బన అయాను స్థానంలో సీసియం పెట్టి 90 శాతం వరకూ దక్షత చూపింది.

తయారీ ఇలా సాగుతుంది. లెడ్ బ్రోమైడ్‌నూ మిథైల్ అమ్మోనియం బ్రోమైడ్‌నూ డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావకంలో కరిగిస్తారు. ఒలీయిక్ ఆమ్లమూ ఆక్టైల్ అమీన్ వంటి ఒక అమీనూ కలుపుతారు. ఆ ద్రావణాన్ని గిరగిరా తిరుగుతున్న టోలుయీన్‌లో చుక్కలుగా వేస్తారు. టోలుయీన్‌లో ఆ లవణాలు కరగవు, కాబట్టి వెంటనే స్ఫటికాలుగా విడిపోతాయి. అతినీలలోహిత టార్చి వేస్తే గాజు సీసా పచ్చగా వెలుగుతుంది. మొత్తం పని గది ఉష్ణోగ్రతలో, కొన్ని సెకన్లలో అయిపోతుంది.

స్ఫటికాలు పెద్దవి కాకుండా ఎవరు ఆపారు? వంటింట్లో ఈ ప్రశ్నకు జవాబు ఉంది. చక్కెర పాకం పలుకు కట్టకుండా నిమ్మచుక్క పిండుతారు. నిమ్మ పులుపు కొంత చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అవి చక్కెర పలుకు మీద సరిగా ఇమడని ఇటుకల్లా అడ్డుపడి పెరుగుదలను ఆపుతాయి. లైగాండ్లు చేసేది దాదాపు అదే. నిమ్మరసం ఎక్కువైతే పాకం పాడైనట్టే లైగాండ్లు మితిమీరితే స్ఫటికం పలకలుగా సాగి రంగు నీలం వైపు జరుగుతుంది. మోతాదు తెలియడమే ఇక్కడ పనితనం.

క్లోరైడ్ కలిపితే నీలం, బ్రోమైడ్‌తో పచ్చ, అయోడైడ్‌తో ఎరుపు. పైగా ఈ కణాల్లో కొన్ని లోపాలు ఉన్నా వెలుగు పెద్దగా తగ్గదు. కాడ్మియం డాట్‌కు పెంకు తప్పనిసరి, పెరోవ్‌స్కైట్ పెంకు లేకుండానే మెరుస్తుంది. అయితే ఈ స్ఫటికంలో బంధాలు అయానిక స్వభావం ఉన్నవి, మెత్తనివి. క్షణంలో కట్టుకునేలా చేసిన ఆ గుణమే క్షణంలో విడిపోయేలా కూడా చేస్తుంది. పచ్చ రకమూ ఎర్ర రకమూ ఒకే సీసాలో కలిపితే రెండు రంగులు విడిగా ఉండవు. కణాలు బ్రోమైడ్, అయోడైడ్‌లను ఇచ్చిపుచ్చుకుని చివరికి మధ్య రంగుకు వచ్చేస్తాయి. టీవీ తెరకు పచ్చ, ఎరుపు పక్కపక్కనే కావాలి. అక్కడ ఈ స్నేహం పనికిరాదు.

విజయవాడ గది ఉష్ణోగ్రత

పరిశోధన పత్రాల్లో ‘గది ఉష్ణోగ్రత’ అంటే సాధారణంగా 25 డిగ్రీల దరిదాపు. ఏసీ లేని ప్రయోగశాలలో మే నెల మధ్యాహ్నం విజయవాడ గది ఆ లెక్కకు రాదు. బయట 40 దాటే రోజుల్లో లోపల కూడా 35 పైనే ఉంటుంది. బందరు తీరం సుమారు 70 కిలోమీటర్లే కాబట్టి గాలిలో తేమ కూడా తక్కువేమీ కాదు. పత్రంలో ఉన్నట్టే చేశామని, అయినా వెలుగు రెండు రోజుల్లో పోయిందని చెప్పే విద్యార్థి తప్పు చేసి ఉండనక్కర లేదు.

తేమ చేసే పని సూటిగా ఉంటుంది. మిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ నీటిలో కరిగే లవణం. నీటి అణువులు చేరితే అది స్ఫటికంలోంచి జారిపోతుంది, వెలగని లెడ్ బ్రోమైడ్ మిగులుతుంది. వేడి రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. ఎలక్ట్రాన్, ఖాళీ కలిసి కాంతి ఇచ్చేలోపే వేడి వాటిని విడదీయవచ్చు. ఇది చల్లబరిస్తే తిరిగి వచ్చే నష్టం. స్ఫటికమే విచ్ఛిన్నమైతే తిరిగి రాదు. రెండింటినీ విడదీసి చూడటానికి వేడి చేసి కొలిచి, చల్లార్చి మళ్లీ కొలవాలి. వేడెక్కేటప్పటి గీత ఒక్కటే చూపితే అది సగం సమాచారమే. మిథైల్ అమ్మోనియం బదులు ఫార్మమిడినియం, సీసియం వాడితే వేడికి ఓర్పు పెరుగుతుంది. సీసియం వాడిన కణం లోపలి నుంచి హైబ్రిడ్ కాదు, లైగాండ్ల వల్ల మాత్రమే హైబ్రిడ్.

నీటి నుంచి కాపాడటానికి సిలికా కవచం తొడగాలనుకుంటే ఒక చిత్రమైన చిక్కు ఎదురవుతుంది. 1968 నుంచి స్టోబర్ పద్ధతిగా పేరున్న సిలికా తయారీకి నీరూ అమ్మోనియా ఉండాలి. అంటే నీటిని అడ్డుకునే గోడ కట్టడానికే నీరు కావాలి. ఆ నీరు తగిలితే లోపలి కణం గోడ లేవకముందే పోతుంది. దారి ఎలా దొరికిందంటే, నీటిని విడిగా పోయకుండా టోలుయీన్‌లో సహజంగా ఉండే జాడమాత్రపు తేమనో గాలిలోని తేమనో వాడుకోవడం. త్వరగా స్పందించే సిలేన్లు (సిలికాకు ముడిపదార్థమైన అణువులు) ఆ కొంచెం నీటితోనే కవచం కడతాయి. గాలి తేమ మీద ఆధారపడే పద్ధతి కాబట్టి గది తేమ శాతాన్ని కొలిచి రాయకపోతే ఆ ప్రయోగాన్ని ఇంకొకరు తిరిగి చేయలేరు. జనవరిలో కుదిరినది ఆగస్టులో కుదరకపోవడానికి ఇది ఒక్కటే చాలు.

వెలిగినంత మాత్రాన నానో కాదు

దుగ్గిరాల పసుపు చిటికెడు తీసుకుని స్పిరిట్‌లో కలిపి, తేరిన ద్రవం మీద అతినీలలోహిత టార్చి వేస్తే పచ్చని పసుపు కాంతి వస్తుంది. అందులో నానోకణం ఏదీ లేదు, అది కర్కుమిన్ అనే మామూలు అణువు. ఈ చిన్న ప్రయోగం గుర్తుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

ముఖ్యంగా కార్బన్ డాట్ల విషయంలో. ఈ కణాలు 2004లో కార్బన్ నానోగొట్టాలను శుద్ధి చేస్తుండగా అనుకోకుండా బయటపడ్డాయి. సిట్రిక్ ఆమ్లమో పండ్ల రసమో ఆకుల కషాయమో తీసుకుని టెఫ్లాన్ లోపూత ఉన్న ఉక్కు పాత్రలో 180 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే గోధుమ రంగు ద్రవం వస్తుంది, టార్చి కింద నీలంగా వెలుగుతుంది. ఖర్చు తక్కువ, సీసం లేదు. కానీ సిట్రిక్ ఆమ్లానికి యూరియా, ఇథిలీన్ డైఅమీన్ వంటివి కలిపి వేడి చేసినప్పుడు బలంగా వెలిగే చిన్న అణువులు కూడా పుడతాయని తేలింది. సీసాలోని వెలుగు ఎవరిదో ముందు తేల్చాలి. డయాలిసిస్ సంచిలో పోసి నీటిలో ఉంచితే చిన్న అణువులు బయటికి పోతాయి, కణాలు లోపల ఉంటాయి. వెలుగంతా బయటి నీటిలోకి పోతే ప్రాజెక్టు పేరు మార్చుకోవాలి.

కణం ఉందని ఎలా చెప్పాలి? ఎక్స్-కిరణాల వివర్తనంలో చిన్న స్ఫటికం గీతను వెడల్పు చేస్తుంది. 1918 నాటి షెరర్ సూత్రం ప్రకారం రాగి ఎక్స్-కిరణాలతో 30 డిగ్రీల దగ్గర 10 నానోమీటర్ల స్ఫటికం గీత వెడల్పు సుమారు 0.8 డిగ్రీలు, 3 నానోమీటర్లదైతే 2.7 డిగ్రీలు. సూదిమొనలాంటి గీతలు చూపి ‘కణం 3 నానోమీటర్లు’ అని రాస్తే లెక్క కుదరదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని గింజను నేరుగా చూపుతుంది, కానీ కర్బన పొట్టు అందులో దాదాపు కనిపించదు. ద్రవంలో కణాల కదలికను కొలిచే కాంతి పరిక్షేపణ పద్ధతి పొట్టునూ దాని వెంట కదిలే ద్రావకాన్నీ కలుపుకుని కొలుస్తుంది. కాబట్టి మొదటి పద్ధతిలో 5, రెండో పద్ధతిలో 10 వస్తే రెండూ సరైనవే కావచ్చు. ఒకటి ఎముకను కొలిచింది, ఇంకోటి చొక్కా మీద నుంచి కొలిచింది.

కాంతి దక్షత కొలతలో జరిగే తప్పులు ఇంకా సూక్ష్మమైనవి. వంద ఫోటాన్లు (కాంతి రేణువులు) మింగి 90 తిరిగి ఇస్తే దక్షత 90 శాతం. సమగ్ర గోళం అనే పరికరం ఉంటే నేరుగా కొలవవచ్చు. లేకపోతే దక్షత ముందే తెలిసిన రంగుతో పోల్చాలి. ఇథనాల్‌లో రోడమీన్ 6జీకి అది దాదాపు 95 శాతం. పోల్చేటప్పుడు రెండు ద్రావణాల శోషణా (కాంతిని మింగే కొలత) 0.1 లోపు ఉండాలి. చిక్కగా ఉంటే ముందు వరుస కణాలు కాంతినంతా తినేస్తాయి, ఇచ్చిన కాంతిని పక్క కణాలు మళ్లీ మింగుతాయి. ద్రావకాలు వేరైతే వక్రీభవన గుణకాల సవరణ వేయాలి. టోలుయీన్‌నూ ఇథనాల్‌నూ సవరణ లేకుండా పోలిస్తే ఫలితం అయిదో వంతు వరకూ తప్పుతుంది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుగో చూపే కాంతి పటంలో కనిపించే ప్రతి శిఖరమూ కణానిది కాదు. 365 నానోమీటర్లతో ఉత్తేజపరిస్తే పరికరం లోపల కాంతిని విడదీసే గీతల పలక వల్ల 730 దగ్గర ఒక దొంగ శిఖరం రావచ్చు. ఉత్తేజ కాంతిని 350కి మార్చి చూడాలి. శిఖరం 700కి పారిపోతే అది దొంగదే.

వెలుగు ఎంతసేపు ఉంటుందన్నది అన్నిటికన్నా నిజం చెప్పే కొలత. లేజర్ మెరుపు ఒకటి కొట్టి, ఆ తరువాత కాంతి ఎంత వేగంగా తగ్గుతోందో చూస్తారు. కాడ్మియం డాట్లకు ఇది కొన్ని పదుల నానోసెకన్లు, సీసియం పెరోవ్‌స్కైట్లకు 1 నుంచి 29. కొత్త పొట్టు తొడిగాక దక్షత 30 నుంచి 60 శాతానికి పెరిగి, ఈ కాలం కూడా రెట్టింపయితే గోతులు పూడాయని అర్థం. దక్షత పెరిగినా కాలం మారకపోతే కథ వేరు: వెలుగుతున్న గింజలు మెరుగుపడలేదు, పూర్తిగా ఆరి ఉన్న కొన్ని గింజలు మాత్రం వెలగడం మొదలుపెట్టాయి.

చిన్న కళాశాలలకు ఇవన్నీ ఒకచోట ఉండవు. నమూనా హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లాలి. పెరోవ్‌స్కైట్ సీసా ఎండలో ప్రయాణించి, వరుసలో వారం ఎదురుచూసి సూక్ష్మదర్శిని కిందికి వచ్చేసరికి లోపల ఉన్నది బయలుదేరినప్పటి పదార్థం కాకపోవచ్చు. పంపే ముందు, పంపకుండా ఉంచుకున్న సీసాకు మళ్లీ పరీక్షకు ముందు, కాంతి పటం తీసి పెట్టుకోవడం ఖర్చులేని జాగ్రత్త.

సీసం లెక్క

మిథైల్ అమ్మోనియం లెడ్ బ్రోమైడ్ బరువులో దాదాపు 43 శాతం సీసమే. ఐరోపా నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ వస్తువుల్లోని ఒక్కో పదార్థంలో సీసం 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం మించకూడదు, కొన్ని మినహాయింపులు ఉన్నాయి. టీవీ తయారీదారులు ఇండియం ఫాస్ఫైడ్ వైపు మళ్లడానికి ఇది పెద్ద కారణం. ఆ డాట్లు కాంతి పట్టీ కొంత వెడల్పుగా ఉన్నా నిబంధనలకు లొంగుతాయి. కళాశాల స్థాయిలో తక్షణ ప్రశ్న కడిగిన నీటిది. సీసం ఉన్న ద్రావణమూ డైమిథైల్ ఫార్మమైడూ సింకులో పోయదగినవి కావు. విడి డబ్బాలో పోగు చేసి ప్రమాదకర వ్యర్థాల కింద పంపాలి. విజయవాడ మధ్య నుంచి మూడు కాలువలు పారుతున్నాయి.

మిర్చి టిక్కీ దగ్గర

ఈ ప్రాంతానికి ఈ విద్య అక్కరకొచ్చే చోటు తెరల కన్నా సరుకు పరీక్ష కావచ్చు. కల్లంలో ఆరబెట్టిన మిర్చి మీద వాన పడితే ఆస్పర్జిల్లస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉంది. ఐరోపాకు వెళ్లే మిరపలో బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 మైక్రోగ్రాములు దాటకూడదు. కిలోలో 10 మైక్రోగ్రాములు అంటే వంద కోట్ల వంతుల్లో పది. ఆ విషం తనంతట తాను కూడా వెలుగుతుంది. బీ, జీ అనే పేర్లు అతినీలలోహిత కాంతిలో అవి చూపే నీలం, ఆకుపచ్చ రంగుల ఆంగ్ల పేర్ల నుంచి వచ్చినవే. కానీ మిరప సారంలోని ఎర్ర రంగులు నీలి కాంతిని మింగేస్తాయి, ఇతర పదార్థాలు తమ వెలుగును కలుపుతాయి. ఆ రొదలో అంత తక్కువ విషం గొంతు వినిపించదు.

ముందు చెప్పిన నాలుగో రకం కణాలు ఇక్కడ పనికొస్తాయి. సోడియం యిట్రియం ఫ్లోరైడ్ స్ఫటికంలో యిట్టర్బియం, ఎర్బియం కలిపిన కణం 980 నానోమీటర్ల పరారుణ కాంతిని రెండు విడతలుగా మింగి 540 దగ్గర పచ్చగా, 650 దగ్గర ఎర్రగా వెలుగుతుంది. ఆ పరారుణ కాంతికి మిరప సారం దాదాపు స్పందించదు, కాబట్టి కనిపించే వెలుగు కణానిదే. లోపం దక్షతలో ఉంది. చిన్న కణాల్లో అది తరచూ ఒక శాతం లోపే ఉంటుంది, లేజర్ ఉన్న రీడర్ (వెలుగును కొలిచే పరికరం) తప్పనిసరి అవుతుంది.

ఈ కణాలను వాడేది పరీక్ష పట్టీ మీద, అంటే సారం చుక్కలు వేస్తే గీత చూపే పట్టీ మీద. దాని పనితీరు కొంచెం తిరకాసుగా ఉంటుంది. అఫ్లాటాక్సిన్ చిన్న అణువు, ఒకేసారి రెండు ప్రతిదేహాలు దాన్ని పట్టుకోలేవు. కాబట్టి పోటీ పెడతారు. గీత దగ్గర ముందే విషాన్ని అతికించి ఉంచుతారు. వెలిగే కణానికి ప్రతిదేహం తగిలిస్తారు. నమూనాలో విషం లేకపోతే కణాలన్నీ గీతకు అతుక్కుని గీత బాగా వెలుగుతుంది. విషం ఉంటే దారిలోనే ప్రతిదేహాలను ఆక్రమిస్తుంది, గీత మసకబారుతుంది. గీత ఎంత మసకగా ఉంటే సరుకు అంత చెడ్డది. బంగారు నానోకణాల పట్టీలో ఎర్ర గీతను కంటితో చూసి ఉంది, లేదు అనవచ్చు. వెలిగే కణాల పట్టీ రీడర్ సాయంతో ఎంత అన్నది చెబుతుంది. ఎగుమతిదారుకు కావలసింది ఆ రెండోదే.

అయితే బూజు సరుకంతా సమానంగా పట్టదు. ఒక టిక్కీలో (మిర్చి బస్తాలో) వేల కాయలు బాగుండి, అడుగున తడిసిన గుప్పెడు తాలు కాయల్లోనే విషమంతా ఉండవచ్చు. పట్టీ మీద పడేది కొన్ని గ్రాముల పొడి నుంచి తీసిన కొన్ని చుక్కలు. రీడర్ చూపే అంకె ఆ కొన్ని గ్రాముల గురించే. ఎన్ని టిక్కీల నుంచి, పైనుంచా అడుగు నుంచా, ఎన్ని కాయలు తీసి కలిపి పొడి చేశారన్నది పట్టీ తెరవకముందే తేలిపోయి ఉంటుంది.